నల్లా నుంచి గ్లాసు దాకా

పురిటికి మా అమ్మాయి నల్లకుంట వచ్చిన మరునాడే విజయవాడ నుంచి మా వియ్యపురాలు ఫోను చేశారు. "వదినగారూ, ఏమీ అనుకోకండి. మీ ఊరి నీళ్ళు మంచివేనా? ఏడో నెల కదా, ఈ సమయంలో కామెర్లు రాకూడదని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది."

ఆమె భయంలో తప్పులేదు. కలుషితమైన నీటితో వచ్చే హెపటైటిస్-ఇ చివరి నెలల గర్భిణులకు సోకితే నూటికి 20 నుంచి 25 మంది దాకా ప్రాణాలు పోవచ్చు. అయినా నాకు రోషం వచ్చింది. గండిపేట నీళ్ళు తాగినవాళ్ళు హైదరాబాదు విడిచిపోరని చెప్పుకునే ఊరు మాది! 1908 మూసీ వరద తరువాత విశ్వేశ్వరయ్యగారి సలహాతో తలపెట్టి, 1920లో పూర్తిచేసిన జలాశయం అది. 2019 నవంబరులో కేంద్రప్రభుత్వం నగరాల కుళాయి నీళ్ళకు పరీక్షలు జరిపించి ప్రకటించిన వరుసలో ముంబయి తరువాతి స్థానం మాదే. ముంబయిలో పట్టిన 10 నమూనాలూ నెగ్గాయి. ఢిల్లీలో పట్టిన 11 నమూనాలూ ఓడాయి. ఇదంతా ఏకరువు పెట్టాను.

"మేమూ కృష్ణ నీళ్ళే తాగుతామండీ," అన్నారావిడ నెమ్మదిగా.

నిజమే. 2004 నుంచి నాగార్జునసాగర్ కృష్ణమ్మ వంద కిలోమీటర్లకు పైగా ఎగువకు ప్రయాణించి హైదరాబాదుకు వస్తోంది. దిగువన ప్రకాశం బ్యారేజీ దగ్గర అదే నది విజయవాడ దాహం తీరుస్తోంది. నది ఒక్కటే అయినప్పుడు మీ నీళ్ళా, మా నీళ్ళా అని పంతమెందుకు?

ఆ రాత్రి భోలక్‌పూర్ గుర్తుకొచ్చింది. మా ఇంటికి ఎంతో దూరం లేదు. 2009 మేలో మంచినీటిలో మురుగు కలిసి అక్కడ పదిమందికి పైగా చనిపోయారు. నగరమంతటి మాటా చెప్పే పట్టికకు ఒక్క వీధి సంగతి తెలియదు. సరఫరా ఆగిన గంటల్లో గొట్టం ఖాళీ అవుతుంది. చుట్టూ ఉన్న మురుగును పగుళ్ళలోంచి లోపలికి పీల్చుకుంటుంది. ఎవరైనా గొట్టానికి నేరుగా మోటారు బిగిస్తే ఆ పీల్పు మరింత ఎక్కువవుతుంది. వానాకాలం వస్తే వాంతులు, విరేచనాలతో మా ఫీవరాసుపత్రికి వచ్చేవారిని చూస్తూనే ఉంటాం కదా!

మరునాడు పక్కింటి రసాయనశాస్త్రం మాస్టారిని అడిగి క్లోరిన్ పరీక్షపెట్టె తెచ్చుకున్నాను. ఇంటికి చేరిన నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని ప్రమాణం. దారిలో చేరే క్రిములకు అదే కాపలా. నల్లా వదలగానే నీళ్ళు పట్టి చుక్కలు వేశాను. పసుపురంగు తేలింది. గర్వంగా వంటింటి కుళాయి నీళ్ళు పట్టాను. ఆ నీళ్ళు సంపులోంచి మేడమీది ట్యాంకుకు ఎక్కి దిగివచ్చినవి. చుక్కలు వేసినా రంగు మారలేదు. శుద్ధియంత్రం నీళ్ళలోనూ అంతే. అది క్లోరిన్‌నూ తీసేస్తుంది కనుక ఆ నీళ్ళు బిందెలో నిలవ ఉంటే వాటికి ఏ కాపలా ఉండదు.

మేడెక్కి ట్యాంకు మూత తీసి చూశాను. అడుగున బెత్తెడు బురద ఉంది, మూత పగిలి ఉంది. కడిగించి ఎన్నేళ్ళయిందో లెక్కపెట్టుకుంటే సిగ్గేసింది. అంత దూరం నుంచి భద్రంగా వచ్చిన నీటిని చివరి నలభై అడుగుల్లో పాడుచేసుకున్నది నేనే!

సంపూ, ట్యాంకూ కడిగించి, మూత మార్పించి ఆవిడకు ఫోను చేశాను. "వదినగారూ, మా ఊరి నీళ్ళు మంచివే. మా ట్యాంకే మంచిది కాదు. ఇప్పుడు బాగుచేయించాను. అయినా మీ కోడలికి కాచి చల్లార్చిన నీళ్ళే ఇస్తున్నాను."

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నారు: "మా మేడమీది ట్యాంకు కడిగించి ఎన్నాళ్ళయిందో మీ అల్లుణ్ణి అడగాలండీ."