‘బ’ కింద ఒత్తు గీత

బోర్డులు రాయడం మొదలుపెట్టి నలభై ఏళ్లు కావస్తోంది. పెదకూరపాడులో పురుగుమందుల కొట్లు, సత్తెనపల్లి దారిలో పెట్రోలు బంకులు, ట్రాక్టరు తొట్ల మీద పేర్లు, ఎన్నికలొస్తే గోడలు... అన్నీ రాశాను. ఫ్లెక్సీలు వచ్చాక పని తగ్గింది గానీ, పాత రేకు కనబడితే నా కాలు ఇప్పటికీ ముందుకు పడదు. అలా తెచ్చిపెట్టినవాటితో మా పెరటి పంచ నిండిపోయింది.

ఎక్కువ బంకుల బోర్డులే. ఆల్చిప్ప గుర్తు బర్మాషెల్, ఎర్ర నక్షత్రం కాల్టెక్స్, ఎస్సో. ఇవి కుంచెతో రాసినవి కావు, పింగాణీ పూత. గాజుపొడిని ఇనప రేకుకు పట్టించి ఎనిమిది వందల డిగ్రీల వేడిలో కాల్చేవారు. రంగు మారినప్పుడల్లా మళ్లీ కొలిమికి పోవాల్సిందే. అందుకే మన పల్నాటి ఎండ కూడా ఆ ఎరుపును వెలిసిపోయేలా చెయ్యలేదు. ప్రాణం పోయేది మేకు దగ్గర. మేకు బిగించేసరికి పెచ్చు లేస్తుంది, అక్కణ్ణుంచి తుప్పు పాకుతుంది. బోర్డు చేతికి రాగానే నేను ముందు చూసేది మేకు బొక్కలే.

వీటన్నిటికంటే నాకు ప్రాణమైన రేకు మాత్రం చేత్తో రాసిందే. ఒక కోళ్లగూటికి తలుపుగా ఉంది. అడిగితే ఆ ఇంటి పెద్దావిడ, “అబ్బాయ్, అది తీసుకుపోతే రాత్రికి పిల్లి నా కోళ్లని ఉంచుద్దా?” అంది. కొత్త రేకు కోయించి, బందులు బిగించి ఇచ్చాకే ఒప్పుకుంది.

పైకి ‘భారత్ పెట్రోలియం’ అని ఉంది. సాయంత్రం ఏటవాలు ఎండలో పట్టుకుని చూస్తే రంగు కింద వేరే గీతలు ఉబ్బెత్తుగా లేచాయి. బర్మాషెల్! ఆ కంపెనీని 1976లో ప్రభుత్వం తీసుకుంది, 1977 ఆగస్టులో భారత్ పెట్రోలియం అన్న పేరొచ్చింది. ఆ పేరు మార్పు ఎవరో పెయింటరు చేతికి వచ్చింది. ఆయన బోర్డంతా తుడిచెయ్యలేదు. బ ఒళ్లు అలాగే ఉంచి, కింద ఒత్తు గీత, నెత్తిన దీర్ఘం పెట్టాడు. పక్కనున్న ‘ర్మా’లో దీర్ఘం, మ ఒత్తు గోకేసి తలకట్టు దిద్దాడు. రెండక్షరాలు దక్కాయి, మిగతావి కొత్తగా రాసుకున్నాడు. దీర్ఘం వంపులో వణుకు లేదు. ఆయనెవరో తెలిస్తే కాళ్లకు దణ్ణం పెట్టేవాణ్ణి.

కుర్రతనంలో నేనొక తప్పు చేశాను. పెచ్చులు లేచిన కాల్టెక్స్ నక్షత్రానికి గరుకు కాగితం పట్టి, కొత్త ఎనామిల్ రంగు వేశాను. రెండు వానాకాలాలకు అది పొలుసులుగా రాలింది. కింద పాత మెరుపంతా గీతలు పడి మసకబారింది. ఆ నక్షత్రాన్ని పారెయ్యలేదు, ఎదురుగానే పెట్టుకున్నాను.

ఇప్పుడు ఎవరైనా పాత బోర్డు తెచ్చి “కొత్తగా చెయ్యి మామా” అంటే రంగు డబ్బా మూత తియ్యను. సబ్బునీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి, బొక్కల చుట్టూ కాస్త నూనె రాసి ఇచ్చేస్తాను.

 

కోళ్లగూటి రేకుకు మాత్రం నీడలో చోటివ్వలేదు. పడమటి ఎండ ఏటవాలుగా తగిలే గోడకు, మేకు కొట్టకుండా తీగతో వేలాడదీశాను. అయిదు దాటాక వచ్చి చూస్తే, గోకేసిన మ ఒత్తు కూడా కనబడుతుంది.