జేజి పాటలూ, 32256 అనే అంకె

మొన్న ఆదివారం కర్నూలు నుంచి చిన్నాయన ఫోను. "రేయ్ అబ్బాయా, జేజి పాటలు నీ దగ్గర ఏమన్నా మిగిల్నాయా?" అన్నాడు.

సంగతేంటంటే, చిన్నాయనకి పాతబస్తీలో డీటీపీ షాపు ఉండేది. జేజి పాడే పెళ్ళిపాటల్ని తీరిక దొరికినప్పుడల్లా అను ఫాంట్లలో టైపు చేసి, పేజ్‌మేకర్ ఫైళ్ళుగా దాచుకున్నాడు. 2009 అక్టోబరు 2న తుంగభద్రా, హంద్రీ ఊళ్ళోకి వచ్చినప్పుడు షాపు మునిగింది. కంప్యూటరూ పోయింది, పాటలు రాసుకున్న నోటుబుక్కూ పోయింది. జేజి ఇప్పుడు లేదు.

అయితే అంతకు ముందేడు ఆ కంప్యూటరుకి డిస్కు మార్చింది నేనే. పాత 40 జీబీ డిస్కుని డీడీ కమాండుతో ఉన్నదున్నట్టు ఇమేజి తీశాను. అది చేతులు మారుతూ మారుతూ, ఇప్పుడు నేను అద్దెకి తీసుకున్న సర్వర్లో ఓ మూల పడుంది.

ముందు డౌన్‌లోడ్ చేద్దామనుకున్నా. 10 ఎంబీపీఎస్ లైను మీద 40 జీబీ అంటే దాదాపు తొమ్మిది గంటలు. కావలసిందేమో పాటల ఫైళ్ళు మాత్రమే! సుంకేసుల దగ్గర గేటెత్తితే కేసీ కాలవలో మా కడప వైపు నీళ్ళొస్తాయి, తుంగభద్రని ఎవరూ మోసుకురారు కదా. ఉన్నచోటే తెరుద్దామని ఎస్‌ఎస్‌హెచ్‌తో లాగిన్ అయ్యి మౌంట్ కొట్టాను.

ఫైల్‌సిస్టమ్ రకం తప్పు, లేదా సూపర్‌బ్లాక్ చెడిందని ఎర్రర్! గుండె జారిపోయింది, ఉన్నది ఒక్కటే కాపీ మరి. తమాయించుకుని ఎఫ్‌డిస్క్‌తో చూస్తే అసలు విషయం తెలిసింది. అది పార్టిషన్ ఇమేజి కాదు, మొత్తం డిస్కు ఇమేజి. ఎక్స్‌పీ కాలం డిస్కుల్లో మొదటి పార్టిషన్ మామూలుగా 63వ సెక్టార్ దగ్గర మొదలవుతుంది. సెక్టారుకి 512 బైట్లు, అంటే 32256. ఆ అంకెని ఆఫ్‌సెట్‌గా ఇచ్చి, లూప్, ఆర్‌ఓ ఆప్షన్లు చేర్చగానే సీ డ్రైవంతా కళ్ళముందుంది.

ఆర్‌ఓ, అంటే చదవడానికి మాత్రమే. ఇది మాత్రం మరవకండి. మనం ఏమీ రాయకపోయినా సిస్టమ్ రాసేయొచ్చు. ఈఎక్స్‌టీ3 ఇమేజి అయితే ఆర్‌ఓ ఉన్నా జర్నల్‌ని రీప్లే చేస్తుంది, నోలోడ్ కూడా ఇవ్వాలి.

పీఎండీ ఫైళ్ళని ఫైండ్‌తో వెతికితే పాటలవి నాలుగు దొరికాయి. అన్నీ కలిపి రెండు ఎంబీ కూడా లేవు. ఎస్‌సీపీతో తెచ్చుకుని అన్‌మౌంట్ చేశాను. అను నుంచి యూనికోడ్‌కి మార్చడం ఇంకో తలనొప్పి, అది మరోసారి.

ఆ రాత్రి చిన్నాయనకి ప్రింటు కాపీ పంపితే, ఫోన్లోనే ఒక పాట ఎత్తుకున్నాడు. సగంలో ఆగిపోయాడు.

కంపెనీ డేటాకి మూడు చోట్ల బ్యాకప్ పెట్టే మనం, ఇంటి డేటాని అదృష్టానికి వదిలేస్తాం. నేనూ అంతే. ఆ ఇమేజికి రెండో కాపీ నిన్ననే పెట్టాను. మరి మీరు?