రూపనగుడిలో అడిగే తీరు

బళ్లారి తాలూకాలో నల్లరేగడి చేల నడుమ ఉన్నది రూపనగుడి. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు మనకు వచ్చినవి. బళ్లారి తాలూకా మైసూరులో చేరినది. ఎల్లలు మారినవి గాని ఇండ్లలో భాష మారలేదు. తెలుగూ కన్నడమూ ఇక్కడ ఇరుగుపొరుగున కాపురముంటున్నవి.

ఈ సీమలో మేము గమనించినది ఒకటున్నది. ఎవరినేమి అడిగినా "దయచేసి" అనే మాట వినబడదు. "అన్నా, రవ్వంత జరుగు", "అక్కా, నీళ్లియ్యి" అంటారు. కన్నడంలోనైతే "అక్కా, నీరు కొడ్రి". అక్క రెండు భాషలకూ అక్కే! "అండి" తక్కువగా వినబడుటచేత కోస్తావారికి ఈ మాట మోటుగా తోచవచ్చును. కాని "రాప్పా", "చూడన్నా" అనుటలోనే వేడుకోలు ఇమిడియున్నది. వరుస కలిపిన తరువాత వేరే బ్రతిమాలుట ఎందుకు?

ఇది మనకొక్కరికే చెందిన మర్యాద కాదు. కడప సీమనుండి కువైటుకు పోయి పనిచేసినవారికి అరబ్బుల తీరు తెలుసును. కొత్తవారినీ, పైవారినీ అడుగునపుడు అరబ్బీలో "లౌ సమహ్త్" అంటారు. నీవు అనుమతిస్తే అని అర్థం. ప్రాణస్నేహితునితో ఇంత లాంఛనం చేస్తే ఎడముగా ఉంచినట్లే. ముక్కుమొగం తెలియని పెద్దాయననైనా "యా అమ్మీ" అని పిలువవచ్చును. అది మన అమ్మ కాదు. తండ్రి తోబుట్టువు, అనగా చిన్నాయనో పెదనాయనో.

అయితే మన వాడుకలన్నీ తీయనివేనని మురిసిపోరాదు. పూర్వం పల్లెలలో భూస్వామి ఇంటి పదేండ్ల పిల్లవాడు అరువదేండ్ల జీతగానిని "ఒరే, ఇట్రా" అనేవాడు. ఆ ముసలివాడు "సామీ" అంటూ పరుగెత్తవలసి వచ్చేది. అక్కడ వయసుకు విలువ లేదు, పుట్టుకకే. అన్న అనే మాట ఊరందరిదైనా, కొందరికి మాత్రం అందలేదు.

పరాయి రాష్ట్రాలలో తరాలుగా స్థిరపడిన మన ఇండ్లలో పిల్లలు ఇప్పుడు "ప్లీజ్" అంటున్నారు. మంచిదే. కాని వరుసలు మరచిపోతున్నారు. వారికి వాటిని మరల నేర్పుదాము. నేర్పునపుడు చుట్టాలతోనే ఆపక, ఇంట పనిచేసే ఆమెను "అక్కా, ఇది రవ్వంత పట్టుకోండి" అనుట కూడా నేర్పుదాము. అందరికీ అందినప్పుడే వరుస నిజమైన వరుస.