చెప్పవలసిన మాట

మా ఇంట జరిగిన సంగతి మరొక ఇంటికి ఉపయోగపడుతుందని వ్రాస్తున్నాము.

మా రెండవ అమ్మాయి ఎనిమిదవ తరగతిలో ఉండగా పరుగు పందెంలో స్పృహ తప్పి పడిపోయింది. ఆ వేసవిలోనే కాలువలో ఈదుతూ మునిగిపోబోతే, గేదెలు కడుగుతున్నవారు ఒడ్డుకు లాగారు. గాలి సోకిందన్నారు కొందరు. ఫిట్స్ అన్నారు ఒకచోట. ఏడాదిపాటు ఆ మాత్రలు వాడాము, ప్రార్థనలు చేయించాము. పడిపోవడం మాత్రం ఆగలేదు.

చివరకు పట్నంలో గుండె డాక్టరుగారు ఇ.సి.జి. కాగితం చూస్తూ, "మీ ఇళ్లలో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవారు ఉన్నారా?" అని అడిగారు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. అమ్మాయి చిన్న మేనమామ పదహారేళ్లకే కాలువలో పోయాడు. చేపలా ఈదేవాడు. కాళ్లకు నాచు చుట్టుకుందని ఇన్నాళ్లూ అనుకున్నాము.

డాక్టరుగారు ఓపికగా విడమరచి చెప్పారు. గుండె ఒకసారి కొట్టుకున్నాక మరల సిద్ధం కావాలంటే, దాని కణాలలోని పొటాషియం కొంత చిన్న ద్వారాలగుండా బయటకు పోవాలి. ఆ ద్వారాలు ఎలా తయారవ్వాలో జన్యువులలో ఉంటుంది. 1996లో గుర్తించిన కేసీఎన్‌క్యూ1 అనే జన్యువులో లోపముంటే గుండె తేరుకోవడం ఆలస్యమవుతుంది. ఇ.సి.జి.లో క్యూటీ అనే భాగం పొడవుగా కనబడుతుంది. పరుగులోనో ఈతలోనో లయ తప్పి, గుండె రక్తాన్ని నెట్టలేక వణుకుతుంది. తల్లిదండ్రులలో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ సగం అవకాశం. రక్తం పరీక్షకు పంపితే మా అమ్మాయితోపాటు తల్లికీ, పెద్దమ్మాయికీ ఆ లోపమే తేలింది. ఆ ఇద్దరూ ఏనాడూ కళ్లు తిరిగి ఎరుగరు!

అసలు పరీక్ష అప్పుడు వచ్చింది. పెద్దమ్మాయిని పెద్ద మేనమామ కొడుక్కి ఇవ్వాలని అనుకొని ఉన్నాము. 1957లో జెర్వెల్, లాంగే నీల్సన్ అనే వైద్యులు నార్వేలోని ఒక కుటుంబాన్ని గురించి వ్రాశారు. ఆరుగురు పిల్లలలో నలుగురు పుట్టు చెవిటివారు, వారిలో ముగ్గురు హఠాత్తుగా మరణించారు. తల్లినుండీ తండ్రినుండీ కూడా లోపమున్న జన్యువే వస్తే అలా జరుగుతుంది. మేనరికంలో ఆ భయం ఎక్కువ.

చెబితే సంబంధం పోతుంది, వంశానికి మచ్చ అంటారు. రెండు వారాలు నోరు మెదపలేదు. చివరకు వెళ్లి కాగితాలు ముందుపెట్టి అంతా చెప్పాము. సంబంధం పోయింది. మూడు నెలలు మాటలు కూడా లేవు. అయితే ఆ ఇంట అందరూ పరీక్షలు చేయించుకున్నారు. తొమ్మిదేళ్ల చిన్నవాడికి అదే లోపం బయటపడింది.

నేడు వాడూ మా పిల్లలూ బీటా బ్లాకర్ మాత్ర ఒక్కపూట మానరు. ఈతకు వెళ్లరు. కొన్ని మందులు క్యూటీని ఇంకా పొడిగిస్తాయి గనుక, ఏ డాక్టరు వద్దకు వెళ్లినా ఈ సంగతి ముందే చెబుతాము.

మీ ఇంట పరుగులోనో ఈతలోనో పడిపోయే బిడ్డ ఉంటే ఇ.సి.జి. తీయించండి. చిన్న వయసులో పోయినవారిని గురించి డాక్టరుగారికి దాచకండి.