షికోకులో ముసురు

షికోకు గుళ్ల చుట్టు తిరగడానికి జనం వసంతంలో వస్తారు, లేదా ఆకులు ఎర్రబడే కాలంలో. జూన్‌లో వచ్చేది మొండివాళ్లూ, సెలవు అప్పుడే దొరికినవాళ్లూ. నేను రెండో రకం. ఆ నెలలో అక్కడ పడేది మన తొలకరిలాంటి వాన కాదు. ఉరుమూ ఉండదు, మెరుపూ ఉండదు. ఒట్టి ముసురు. నిద్ర లేచేసరికి పడుతుంటుంది, పడుకోబోయేటప్పుడూ పడుతుంటుంది.

ఈ జపాన్ దీవిలో 88 గుళ్లు, వాటిని కలుపుతూ సుమారు 1,200 కిలోమీటర్ల దారి. అంతా కూకై పేరు మీదే. 774లో ఇక్కడే పుట్టి, చైనా వెళ్లి మంత్రయాన బౌద్ధం నేర్చుకొచ్చిన ఈ భిక్షువును జనం కోబో దైషి అని పిలుచుకుంటారు. ప్రతి యాత్రికుడి పక్కనా ఆయన నడుస్తుంటాడని నమ్మకం. పదకొండో గుడి ఫుజీదెరా వెనక మొదలై పన్నెండోదైన షోసాన్‌జీ దాకా వెళ్లే 13 కిలోమీటర్ల అడవిబాటకు యాత్రికులను దొర్లించే దారి అని పేరు. ఎండరోజున నడిచినవాళ్లు పెట్టిన పేరై ఉండాలి.

తుంగతో అల్లిన వెడల్పాటి టోపీ కొన్నప్పుడు నాటకంలో వేషం కడుతున్నట్టే అనిపించింది. ఏటవాలు ఎక్కుతూ వానలో అరగంట నడిచాక దాని సంగతి తెలిసింది. రెయిన్‌కోటు ముసుగు లాక్కుంటే చెవుల్లో టపటపలు తప్ప ఇంకేమీ వినపడదు, లోపలంతా చెమట. తుంగటోపీ అయితే మెడనీ భుజాలనీ కాస్తూనే గాలి ఆడనిస్తుంది. చేతికర్ర సంగతి కూడా అంతే. అది కర్ర కాదు, సాక్షాత్తూ దైషి అంటారు. తడిసిన దేవదారు వేరు మీద కాలు జారి, ఒళ్లంతా ఆ కర్ర మీదే ఆగినప్పుడు ఎదురు వాదించాలనిపించలేదు.

కొంత దూరం పోయాక బాట మీద పీతలు కనిపించాయి. బొటనవేలంత ఉంటాయి, ఎర్రటి ఎరుపు. కొండవాగుల్లో బతికే రకం. నేల బాగా తడిస్తే వాగు వదిలి షికారుకొస్తాయి. నా అడుగు పడగానే ఒకటి పారిపోకుండా ఆగి, రెండు డెక్కలూ పైకెత్తి, రా చూసుకుందాం అన్నట్టు నిలబడింది. దానికి జానెడు దూరంలో ఇంకోటి చితికిపోయి ఉంది. పొద్దున ముందుగా వెళ్లినవాళ్ల బూటు కింద పడినట్టుంది, ఒక డెక్క ఆకుకు అంటుకుని ఉంది.

వానాకాలం మూడు నెలలూ భిక్షువులు తిరగకుండా ఒకచోట ఉండాలన్న నియమం పుట్టింది సరిగ్గా దీనివల్లే. ఆ నియమం బుద్ధుడికి తనంతట తట్టింది కాదు. ఈ శ్రమణులు వానల్లో కూడా తిరుగుతూ పచ్చగడ్డి తొక్కేస్తున్నారు, చిన్న ప్రాణుల్ని చంపేస్తున్నారు, పిట్టలైనా ఈ రోజుల్లో గూడు కట్టుకుని కూర్చుంటాయి కదా అని ఊళ్లోవాళ్లు సణిగారట. భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకం ఆ సంగతి దాచుకోకుండా చెబుతుంది. విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలో తొట్లకొండ ఎక్కితే ఆ కూర్చోవడం ఎలా ఉండేదో తెలుస్తుంది. భిక్షువుల గదుల పునాదులు వరసగా ఉంటాయి, పక్కనే రాతిని తొలిచిన నీటితొట్లు. కొండ నెత్తిన ఏరు పారదు, పడ్డ వానను పట్టి దాచుకోవాల్సిందే. వాళ్లు అలా వానకి కూర్చుంటే, నేను అదే బుద్ధుడి పేరు చెప్పి వానలో కొండలెక్కుతున్నాను. గృహస్థుకి ఆ నియమం లేదని సర్దిచెప్పుకోవచ్చు. పీతకి ఆ తేడా ఏం తెలుస్తుంది?

ఆ తర్వాత నడక మందగించింది. కాలు పెట్టే చోటు చూసి పెట్టడమే పనైంది. ఎలాగూ చూడటానికి ఇంకేమీ లేదు. పైనుంచి యోషినో నది లోయ బ్రహ్మాండంగా కనపడుతుందని గైడు పుస్తకం రాసింది, నాకు తెల్లగా కనపడింది. జోరెన్-అన్ దగ్గర రాతిమెట్ల పైన, పెద్ద దేవదారు ముందు కూకై కంచు విగ్రహం ఉంది. ఫొటోల్లో అది మరీ భారీగా, కాస్త ఆడంబరంగా తోచింది. మబ్బులోంచి ఆ నల్లటి ఆకారం మనిషిగా తేలడానికి చాలాసేపు పట్టింది. మబ్బు దానికి మేలే చేసింది.

షోసాన్‌జీ కొండకి నిప్పు కథ ఉంది. మంటలు కక్కే మహాసర్పం కొండనంతా తగలబెడుతుంటే కూకై ముద్రలు పడుతూ ఎక్కి ఆర్పేశాడట. ఒంటి మీద పొడి దారప్పోగు లేకుండా ఆ గుడి చేరినవాడికి ఈ కథ వినడం హాయిగానే ఉంటుంది.

కొండ దిగువన ఉన్న బసలో, గుమ్మంలోనే బకెట్టు పెట్టి ఉంది. ముందు కర్ర మొన కడగాలి, తర్వాతే మన కాళ్లు. ఇల్లుగలావిడ పాత పేపర్లు ఉండలు చుట్టి నా బూట్లలో కుక్కింది. రాత్రి ఒకసారి మార్చుకోండి, లేకపోతే పొద్దుటికి ఆరవు అని చెప్పింది.

భోజనాల దగ్గర ఒక పెద్దాయన కలిశాడు. ఆయనది ఈ దీవిలోనే కగావా జిల్లా. ఫోను అనువాదంతోనే మాటలు.

"మీ వైపు వానలు బాగా పడతాయా?"

"మాకు పడితే చాలదండీ. కృష్ణ నిండాలంటే పైన మహారాష్ట్రలో పడాలి."

ఆయన చాప్‌స్టిక్కులు కింద పెట్టేశాడు. వాళ్లకీ అంతేనట. కగావాలో వాన తక్కువ. ఇదే దీవిలోని కోచీ జిల్లా కొండల్లో సమేఉరా డ్యాం నిండితే, యోషినో నీళ్లు కాలువ మీదుగా వీళ్లకి అందాలి. అందుకే కగావా నిండా చెరువులే, 10 వేలకు పైన. వాటిలో పెద్దది మన్నో. దాని కట్ట తెగి, అధికారుల వల్ల కాకపోతే, 821లో కూకైని పంపారు. ఆయన జనాన్ని పోగేసి కట్ట నిలబెట్టాడు, నీటివైపు విల్లులా వంచి కట్టించాడని చెప్పుకుంటారు. సాయంత్రం గుడిలో చదివిన మంత్రం గురించి అడిగితే రెండు ముక్కల్లో తేల్చేసిన పెద్దాయన, కట్ట గురించి మాత్రం అన్నం చల్లారిపోయేదాకా చెప్పాడు. ఏటా జూన్ 15న వరినాట్లకు ఆ చెరువు తూము తీస్తారు. ఆ రోజుకి ఇంట్లో ఉండాలని ఈ యాత్ర మధ్యలో ఆపి వెళ్లిపోతున్నానన్నాడు. మిగతా గుళ్లు శరత్తులో చూసుకుంటాడట. ముక్కలుగా చేసినా పుణ్యం తగ్గదని భరోసా కూడా ఇచ్చాడు.