ఒక్క ప్రశ్న అడగడానికి రెండు రోజులు



మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. ఇప్పుడు హాస్టల్లో పాత ల్యాప్‌టాప్ మీద లినక్స్ కెర్నల్ గ్రాఫిక్స్ డ్రైవర్ కోడ్ చదువుతున్నా. అదేంటంటారా? మన హాస్టల్ మెస్ అనుకోండి. వంట అయ్యాక గంట కొడతారు, అప్పుడే ప్లేట్లు పట్టుకుని వెళ్తాం. అలాగే గ్రాఫిక్స్ చిప్ బొమ్మ గీయడం పూర్తయ్యాకే స్క్రీన్ దాన్ని చూపించాలి. ఆ గంట పేరు డీఎంఏ ఫెన్స్. ఒక్కసారే మోగుతుంది, కానీ తప్పకుండా మోగాలి. మోగకపోతే ఎదురుచూసేవాళ్లంతా అక్కడే ఆగిపోతారు.

ఫెన్స్ వాడేవాళ్లు 'గెట్' అని పట్టుకోవాలి, పని అయ్యాక 'పుట్' అని వదలాలి. ఒక్కరు వదలకపోయినా ఆ మెమరీ ఖాళీ కాదు. ఈ మధ్య ఒకరు పంపిన మార్పు రివ్యూ చేస్తుంటే, పని సక్రమంగా జరిగే దారిలో 'పుట్' ఉంది. ఎర్రర్ వచ్చి వెనక్కి వెళ్లే దారిలో లేదు.

కనిపించింది, కానీ రాయలేదు. ఆయనకి ఏళ్ల అనుభవం, నా ఇంగ్లీషు అంతంత మాత్రం. క్లాసులో చెయ్యెత్తని అలవాటే ఇక్కడికీ వచ్చింది. రెండు రోజులు ఆగి ఒక్క వాక్యం రాశా: ఎర్రర్ వస్తే ఈ ఫెన్స్‌ని ఎవరు వదులుతారు?

మర్నాడే జవాబొచ్చింది, నిజమే, మర్చిపోయానని. సరిచేసి రెండో వెర్షన్ పంపారు.

అంతా తెలిసినోళ్లే రివ్యూ చేయాలని లేదు. పని చెడిపోయే దారిలో కూడా చివరిదాకా నడిచి చూడాలి. అర్థం కానిది అడగాలి. మీలో ఎవరైనా కోడ్ చదువుతుంటే కింద రాయండి, కలిసి చూద్దాం.