ముడిపడిన మాటలు

జులై 8

రేపు తొమ్మిదో తరగతికి కాంపౌండ్ ప్రిపొజిషన్లు. గైడులో జాబితా ఉంది: బికాజ్ ఆఫ్, ఇన్‌స్టెడ్ ఆఫ్, అకార్డింగ్ టు, ఇన్ ఫ్రంట్ ఆఫ్, ఇన్ స్పైట్ ఆఫ్, ఆన్ బిహాఫ్ ఆఫ్. పిల్లలు బట్టీ పడతారు, మార్కులూ వస్తాయి. కానీ రెండు మూడు మాటలు ముడిపడి ఒక్క విభక్తి పని ఎలా చేస్తాయో వాళ్లకు తెలియాలి.

జులై 9

బోర్డు మీద రెండు వాక్యాలు రాశాను. ఒకదాంట్లో ఇన్ ఫ్రంట్ ఆఫ్ ద కార్, మరోదాంట్లో ఇన్ ద ఫ్రంట్ ఆఫ్ ద కార్. మొదటి వాక్యంలో మనిషి రోడ్డు మీద కారుకు ఎదురుగా ఉన్నాడు. రెండోవాడు కారులోనే ముందు సీట్లో కూర్చున్నాడు. ‘ద’ చేరగానే ఫ్రంట్ మళ్లీ మామూలు నామవాచకమై, కారులో ఒక భాగానికి పేరైంది.

ఇన్ స్పైట్ ఆఫ్‌లో స్పైట్ అయితే అసలు కదలదు. ఆర్టికల్ పెట్టలేం, బహువచనం చేయలేం. కక్ష అనే అర్థం కూడా అందులో మిగల్లేదు. ఇంతలో ఒకమ్మాయి లేచి, “మరి ఆన్ మై బిహాఫ్ అంటాం కదా టీచర్?” అంది. ఎంత మంచి ప్రశ్న!

జులై 10

ఆ ప్రశ్నకు ఈ రోజు జవాబు చెప్పాను. అన్ని ముడులూ ఒకే బిగువున ఉండవు. ఫర్ ద సేక్ ఆఫ్ కూడా ఫర్ హర్ సేక్ అవుతుంది. 1985లో వచ్చిన, వ్యాకరణవేత్త క్వర్క్ బృందం రాసిన పెద్ద ఇంగ్లీషు వ్యాకరణం వీటిని కాంప్లెక్స్ ప్రిపొజిషన్లు అంటూ, గట్టివాటి నుంచి వదులువాటి దాకా వరసలో చూపింది.

తర్వాత ఏం వస్తుందన్నదీ ముఖ్యమే. బికాజ్ ఇట్ రెయిన్డ్, కానీ బికాజ్ ఆఫ్ ద రెయిన్. ఆఫ్ తర్వాత క్రియతో వాక్యం రాదు, నామమో ఐఎన్‌జీ రూపమో రావాలి. సర్వనామమైతే ఐ కాదు, మీ రావాలి. ఇన్ స్పైట్ ఆఫ్ అర్థమే ఉన్న డిస్పైట్ పక్కన మాత్రం ఆఫ్ రాదు.

జులై 12

ఆఫీసు ఉత్తరాల్లో విత్ రిగార్డ్ టు, ఇన్ కనెక్షన్ విత్ విపరీతం. చాలాచోట్ల అబౌట్ సరిపోతుంది. ఇంగ్లీషు రచయితలు ఫౌలర్ 1926లో, ఆర్వెల్ 1946లో ఈ తరహా రాతనే తప్పుపట్టారు. అయినా ఇన్‌స్టెడ్ ఆఫ్‌కు అన్నిచోట్లా సరిపోయే ఒంటిమాట ఇంగ్లీషులో దొరకదు. వచ్చే ఏడాది పాఠం అలా ప్రత్యామ్నాయం లేనివాటితోనే మొదలుపెడతాను. అవసరం తెలిసి నేర్చుకున్నది పిల్లలకు నిలుస్తుంది.